ఎలక్షన్ డిపాజిట్ నుంచి తిరిగొచ్చిన డబుల్ బ్యారెల్‌కి తుప్పు: ఏ నూనె, ఎంత, ఎక్కడ?

గోదారి_గట్టు (జూన్ 12, 2024)
అందరికీ నమస్కారం అండి. మాది కోనసీమలో లంక గ్రామం. తాతగారి కాలం నాటి ఇంగ్లీషు 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ ఒకటి మా ఇంట్లో ఉంది, పక్కపక్క గొట్టాల రకం, ఇప్పుడు నాన్నగారి లైసెన్సు మీద నడుస్తోంది. మార్చి 16న ఎలక్షన్ కోడ్ రాగానే అందరిలాగే పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేశాం, నిన్ననే తీసుకొచ్చాం. కవరు జిప్పు తీసి చూస్తే నా గుండె ఆగినంత పనైంది. కుడి గొట్టం మీద అరచేయి వెడల్పున నారింజ రంగు తుప్పు, ట్రిగ్గర్ గార్డు దగ్గర చుక్కలు చుక్కలుగా ఇంకొంత. ఇచ్చే ముందు నేనే కుట్టుమిషన్ నూనె దట్టంగా పట్టించి ఇచ్చానండి, అయినా ఇలా అయింది. నాన్నగారికి 74 ఏళ్ళు, చూసి ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. ఏ నూనె వాడాలి? ఈ తుప్పు ఎలా తీయాలి? గరుకు కాగితం పెట్టి రుద్దమని ఇక్కడ ఒకాయన చెప్పారు, చేతులు రావడం లేదు.

మోడరేటర్ (జూన్ 12)
ముందు రెండు మాటలు, తర్వాత నూనె సంగతి. ఒకటి, గన్ను మధ్యకి విరిచి, అంటే కీలు దగ్గర తెరిచి, తూటా కూర్చునే రెండు ఛాంబర్లూ కంటితో చూడండి, వేలు పెట్టి కూడా చూడండి. మీరు పని చేసుకునే గదిలో తూటాలు అసలు ఉండకూడదు. స్టేషన్ నుంచి వచ్చిందిలే, ఖాళీగానే ఉంటుందిలే అనుకోవద్దు. రెండు, లైసెన్సు నాన్నగారిది కాబట్టి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకునే పని చేయండి. రిపేరుకి తీసుకెళ్ళాల్సి వస్తే ఆయన వెంట ఉండాలి, లేదా ఆయన రాసిచ్చిన కాగితం మీ దగ్గర ఉండాలి. 1959 ఆయుధాల చట్టం 3వ సెక్షన్‌లోనే ఆ వెసులుబాటు ఉంది. లైసెన్సు నంబర్లు, గన్ను నంబర్లు కనిపించే ఫోటోలు ఇక్కడ పెట్టకండి.

హవల్దార్_సిక్కోలు (జూన్ 12)
తమ్ముడూ, గరుకు కాగితం జోలికి అస్సలు పోవద్దు. తుప్పుతో పాటు బ్లూయింగ్, అంటే ఇనుము మీద ఉండే ఆ నల్లటి పూత, మొత్తం లేచిపోతుంది, కింద తెల్ల ఇనుము బయటపడితే వచ్చే వర్షాకాలానికి ఇంతకు రెండింతలు పడుతుంది.

నేను ఫౌజులో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, పనిచేసి రిటైరయ్యాను. ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నూనె పట్టించే ముందు గన్ను పూర్తిగా తుడిచి ఆరబెట్టావా? వట్టి చేతులతో పట్టుకుని రాశావా? ఏ కవర్లో పెట్టి ఇచ్చావు? ఎందుకంటే చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు మీద నూనె పోస్తే ఉప్పు ఎక్కడికీ పోదు, నూనె కిందే కూర్చుని తన పని తాను చేసుకుంటుంది. నువ్వు చెప్పిన అరచేయి వెడల్పు మచ్చ చూస్తే నాకు అదే అనిపిస్తోంది, పట్టుకుని అందించిన చోటు అది.

తుప్పు తీయడానికి: మచ్చ మీద పల్చటి నూనె ఏదైనా సరే రాసి రాత్రంతా వదిలెయ్. పొద్దున్న ఒక రాగి ముక్క తీసుకో. పాత రాగి రేకు గానీ, కరెంటు తీగ లోపలి లావు రాగి గానీ చాలు, అంచు పదును లేకుండా చూసుకో. నూనె తడి ఉండగానే మెల్లగా గీరుతూ పో. రాగి ఇనుము కంటే మెత్తన కాబట్టి తుప్పు లేస్తుంది గానీ గొట్టానికి గీత పడదు. దొరికితే నాలుగు సున్నాల స్టీల్ ఊల్, అది దూదిలా సన్నగా ఉంటుంది, అది కూడా నూనెతో తడిపి బలం పెట్టకుండా వాడొచ్చు. వంటింట్లో గిన్నెలు తోమే పీచు మాత్రం కాదు, అది గీతలు పెట్టేస్తుంది. గుడ్డతో తుడిచి చూసుకుంటూ ఉండు, నారింజ రంగు రావడం ఆగిపోగానే నువ్వూ ఆగిపో. చిన్న చిన్న గుంటలు మిగిలితే మిగలనీ. వాటిని అరగదీయాలని చూస్తే గొట్టం మందం తగ్గుతుంది.

గోదారి_గట్టు (జూన్ 12)
కోపం ఎందుకండి సర్, మీరన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. వట్టి చేతులతోనే పట్టుకున్నాను, తుడవకుండా పైపైన నూనె పోసి పాత లెదర్ కవర్లో పెట్టి ఇచ్చాను. లెదర్ అయితే భద్రంగా ఉంటుందనుకున్నాను.

హవల్దార్_సిక్కోలు (జూన్ 12)
అదిగో, అసలు దొంగ అదే. తోలు గాల్లో తేమ పీల్చి దాచుకుంటుంది, పైగా తోలు పదును చేసినప్పుడు వాడిన మందుల లవణాలు అందులో మిగిలి ఉంటాయి. మోసుకెళ్ళడానికి మాత్రమే లెదర్ కవరు, దాచడానికి కాదు. తోలు బెల్టులో నెలల తరబడి వదిలేసిన తూటాల ఇత్తడికి పచ్చటి చిలుము పట్టడం చూసే ఉంటావు. మీ లంకల్లో గోదారి గాలి, సముద్రపు గాలి రెండూ తగులుతాయి. ఈసారి డిపాజిట్ ఇచ్చేటప్పుడు గొట్టాలకి పల్చగా గ్రీజు లాంటిది పట్టించి, నూనె గుడ్డ చుట్టి, మామూలు బట్ట సంచిలో పెట్టి ఇవ్వు. సిలికా జెల్ పొట్లాలు నాలుగు పడెయ్. రిజిస్టర్లో రాసే ముందు గన్ను పరిస్థితి ఫోటోలు నీ ఫోన్లో తీసి పెట్టుకో.

పాలకొల్లు_పిల్లోడు (జూన్ 13)
మా మామయ్య వాళ్ళు ఎప్పట్నుంచో కొబ్బరి నూనె రాస్తున్నారండి, బాగానే ఉంది. ఇంట్లో దొరికేది కదా, ఇంకేం కొనక్కర్లేదు.

స్టీల్‌సిటీ_మెకానికల్ (జూన్ 13)
దయచేసి కొబ్బరి నూనె వద్దు. నా ఉద్యోగమే మెషీన్ల లూబ్రికేషన్, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

వంట నూనెలు ఏవైనా గాలి తగిలి మెల్లమెల్లగా జిగురవుతాయి. బాణలి వెనక అంటుకున్న నూనె జిడ్డు గోరుతో గీకినా రాదు చూడండి, ట్రిగ్గర్ మెకానిజం లోపల కూడా కొన్నేళ్ళకి అదే తయారవుతుంది. కొబ్బరి నూనె అయితే ఇంకో ఇబ్బంది, సుమారు 24 డిగ్రీల కింద పేరుకుంటుంది. చలికాలం పొద్దున్న సీసాలో గడ్డకట్టినదే స్ప్రింగు చుట్టూ కూడా గడ్డకడుతుంది. మామయ్యగారి గన్ను ఇప్పటికి బాగున్నట్టు కనిపించొచ్చు, లాకులు, అంటే లోపలి ట్రిగ్గర్ మెకానిజం, విప్పి చూస్తేనే సంగతి తెలిసేది.

ఇక ఏ నూనె అన్న ప్రశ్న. మనవాళ్ళు బ్రాండు దగ్గర మొదలుపెడతారు, అసలు మొదలుపెట్టాల్సింది పని దగ్గర. గన్నుకి మూడు వేరువేరు పనులు ఉన్నాయి. మసి, సీసం, రాగి కరిగించి వదిలించడం ఒకటి. ఇనుము మీద ఇనుము జారే చోట అరుగుదల ఆపడం రెండోది. తేమ తగలకుండా కాపాడటం మూడోది. ఒకే ద్రవం మూడూ అద్భుతంగా చేయడం కష్టం. ఎందుకంటే మసి కరిగించేది పల్చగా ఉండి లోపలికి చొరబడాలి, మూడు నెలలు తుప్పు ఆపేది చిక్కగా అంటిపెట్టుకుని ఉండాలి. రెండు గుణాలూ ఒకదానికొకటి అడ్డం.

కుట్టుమిషన్ నూనె చెడ్డదేం కాదు, శుభ్రమైన మినరల్ నూనె. కదిలే భాగాలకి ఒకటి రెండు చుక్కలు వేయడానికి చక్కగా పనికొస్తుంది. కానీ అది నీళ్ళలా పల్చన, తుప్పు ఆపే మందులు కూడా పెద్దగా కలపరు, నిలబెట్టిన గన్ను మీద నుంచి కొన్ని వారాల్లో జారి కిందికి దిగిపోతుంది. మీకు జరిగింది సగం అది, సగం హవల్దార్ గారు చెప్పిన ఉప్పు.

డబ్ల్యూడీ-40 గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. ఆ పేరులోనే ఉంది, నీళ్ళని తరిమే మందు కోసం చేసిన 40వ ప్రయత్నం అని. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో తయారైంది, అట్లాస్ క్షిపణి ఒంటికి తుప్పు పట్టకుండా వాడారు. వానలో తడిసిన గన్ను మీద కొట్టి నీళ్ళు తోలేయడానికి బంగారం లాంటిది. కానీ అందులో ఎక్కువ భాగం ఎగిరిపోయే ద్రావకమే, మిగిలే పొర చాలా పల్చన. అది కొట్టి, తుడిచి, ఆ తర్వాత అసలు నూనె వేయాలి. అదొక్కటే కొట్టి బీరువాలో పెట్టేయకూడదు.

డాలస్_శ్రీను (జూన్ 13)
అన్నా, బాగా రాశావు, కానీ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. ఇక్కడ టెక్సాస్‌లో నేను పదేళ్ళుగా వాడుతున్నది ఒకటే సీసా, సీఎల్‌పీ. శుభ్రం చేస్తుంది, జారేలా చేస్తుంది, కాపాడుతుంది, ఆ మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. అమెరికా ఆర్మీకి దానికోసం ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఉంది, ఎమ్ఐఎల్-పీఆర్ఎఫ్-63460 అని సీసా మీద రాసి ఉంటుంది. నెలకి రెండుసార్లు రేంజికి వెళ్ళేవాడికి నాలుగు సీసాలెందుకు? ఒకటి చాలు.

కానీ ఎంత వేయాలి అన్నదే అసలు ప్రశ్న అని నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. కొత్తలో గ్లాక్ పిస్తోలు కొన్నప్పుడు ఎంత ఎక్కువ నూనె వేస్తే అంత ప్రేమగా చూసుకుంటున్నట్టు అనుకుని స్లైడ్ (ముందుకీ వెనక్కీ జారే పై భాగం) వెనక స్ట్రైకర్ (తూటాని కొట్టే మేకు) ఉండే సన్నని గొట్టంలో కూడా పోశాను. రెండు నెలలకి రేంజిలో ట్రిగ్గర్ నొక్కితే టక్ మంటోంది, పేలడం లేదు. తూటా అడుగున ఉండి దాన్ని అంటించే ప్రైమర్ మీద చిన్న నొక్కు పడుతోందంతే. విప్పి చూస్తే నూనె, మసి, ఇత్తడి పొడి కలిసి లోపల నల్లటి బురద. ఆ గొట్టం పొడిగా ఉండాలని వాళ్ళ పుస్తకంలో రాసే ఉంది, నేను చదవలేదు. గ్లాక్‌కి కావాల్సింది మొత్తం కొన్ని చుక్కలే. ట్రిగ్గర్ బార్, కనెక్టర్ అనే లోపలి భాగాలు రెండూ కలిసే మూల మీద మాత్రం ఒక చుక్క తప్పనిసరి. ఇంకో సంగతి, కొత్త గ్లాక్ స్లైడ్ లోపల రాగి రంగు గ్రీజు ఉంటుంది, మురికి అనుకుని తుడిచేస్తారు, దాన్ని ఉండనివ్వాలి.

స్టీల్‌సిటీ_మెకానికల్ (జూన్ 13)
శ్రీనూ, నెలకి రెండుసార్లు కాల్చి వెంటనే తుడుచుకునేవాడికి సీఎల్‌పీ ఒక్కటే చాలు, ఒప్పుకుంటాను. కానీ ఈ అబ్బాయి పరిస్థితి వేరు. ఇతని గన్ను కాల్చేది అరుదు, ఎలక్షన్ వచ్చినప్పుడల్లా నెలల పాటు ఎవరి చేతుల్లోనో గాలి ఆడని గదిలో ఉంటుంది. అది దాపుడు సమస్య. దాపుడికి చిక్కటి పొర కావాలి.

హవల్దార్_సిక్కోలు (జూన్ 13)
ఇద్దరూ చెప్పింది ఒకటే, చుక్కల లెక్క. ఫౌజులో మా ఉస్తాద్ ఒక పరీక్ష పెట్టేవాడు: నూనె వేశాక వేలితో రాస్తే వేలు మెరవాలి, నూనె కారకూడదు. కారితే మళ్ళీ తుడిపించేవాడు. రాజస్థాన్‌లో ఉన్నప్పుడు ఇంకా తక్కువ వేసేవాళ్ళం. ఇసుక గాలికి నూనె తోడైతే అది గరుకు కాగితం పేస్టులా తయారై భాగాలు అరిగిపోతాయి. అదే ఈశాన్యంలో వానల్లో ఉన్నప్పుడు రోజూ తుడిచి రోజూ పల్చగా రాసేవాళ్ళం. ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది, సీసా మీద రాసిన దాన్ని బట్టి కాదు.

డబుల్ బ్యారెల్‌కి ఎక్కడెక్కడో చెప్తాను రాసుకో. గన్ను విరిచే చోట అడ్డంగా ఉండే కీలు పిన్ను, దానికి ఆనే కొక్కెం, ఫోర్ ఎండ్ (గొట్టాల కింద ఎడమ చేత్తో పట్టుకునే భాగం) ఇనుము గన్నుకి రాసుకునే వంపు, ఇవి బరువు మోసే చోట్లు. అక్కడ నూనె నిలవదు, గ్రీజు కావాలి, మామూలు లిథియం గ్రీజు చాలు, అగ్గిపుల్ల కొనకి పట్టేంత. పాత గ్రీజు పూర్తిగా తుడిచాకే కొత్తది. ఖాళీ తూటాని బయటికి లేపే ఎక్స్‌ట్రాక్టర్ కాడకి ఒక చుక్క నూనె. పై లివరు కింద ఒక చుక్క. ఫైరింగ్ పిన్నుల రంధ్రాల్లో నూనె పోయొద్దు. లాకులు విప్పొద్దు. ఇంగ్లీషు గన్నుల మరలకి గాడి చాలా సన్నంగా ఉంటుంది, మన బజారు స్క్రూడ్రైవరు పెడితే అంచులు చిట్లిపోతాయి, తాతగారి గన్ను ముఖమే పాడవుతుంది. లోపల శుభ్రం చేయించాలనుకుంటే లైసెన్సు ఉన్న గన్ స్మిత్ దగ్గరికే.

గొట్టం లోపల శుభ్రం చేసేటప్పుడు రాడ్డు ఎప్పుడూ ఛాంబర్ వైపు నుంచి తొయ్యి, మూతి వైపు నుంచి కాదు. బ్రష్షు సగంలో వెనక్కి తిప్పొద్దు, పూర్తిగా బయటికి రానిచ్చి అప్పుడు లాగు. గుడ్డకి నాన్నగారి పాత నూలు పంచె కంటే మంచిది ఇంకేదీ లేదు, ఉతికి ఉతికి మెత్తబడి పోగులు రాలవు. ఫౌజులో మేము దీన్నే చిందీ అంటాం. దాపుడికి గొట్టం లోపల నూనె రాశావనుకో, కాల్చే ముందు మాత్రం పొడి చిందీతో తుడిచి, గొట్టంలోంచి వెలుతురు చూసి, అడ్డం ఏమీ లేదని తేల్చుకున్నాకే తూటా పెట్టాలి. గొట్టంలో చిక్కటి నూనె గానీ మరిచిపోయిన గుడ్డ గానీ ఉంటే పీడనం ఎక్కడికి పోతుందో నేను కళ్ళారా చూశాను.

గోదారి_గట్టు (జూన్ 14)
రాత్రి నూనె రాసి ఉంచాను సర్. ఇంకో సందేహం. మా గన్ను బట్టు (భుజానికి ఆనించే వెనక భాగం) చెక్క, ఇనుము కలిసే చోట నల్లగా మారింది, నొక్కితే మెత్తగా ఉంది. అది కూడా తేమేనా?

హవల్దార్_సిక్కోలు (జూన్ 14)
కాదు తమ్ముడూ, అది నూనె. ఏళ్ళ తరబడి బీరువాలో బట్టు కింద, మూతి పైన పెట్టి నిలబెట్టి ఉంటారు. వేసిన నూనె అంతా కిందికి జారి చెక్కలోకి ఇంకింది. పాత గన్నులు చాలావాటికి ఇదే జబ్బు, చెక్క మెత్తబడి అక్కడే చీలుతుంది. ఇకనుంచి నూనె వేశాక ఒక రోజు మూతి కిందికి పెట్టి, కింద గుడ్డ పరిచి నిలబెట్టు. ఎక్కువైనది ఏదైనా ఉంటే మూతి వైపు నుంచి దిగుతుంది. చెక్కలో ఇంకిన నూనె లాగడం నిపుణుల పని, వాళ్ళు సన్నటి సుద్దపొడి ముద్దలాంటిది పట్టించి కొన్నాళ్ళు దానితో నూనె పీల్పిస్తారు.

స్టీల్‌సిటీ_మెకానికల్ (జూన్ 14)
చెక్క ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. బట్టుకి అవిసె నూనె రుద్దడం మంచి పద్ధతే, పాత ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళకి అదే వాడేవారు. అయితే రుద్దిన గుడ్డని ఉండ చుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది, ఉండ చుట్టిన గుడ్డ దానంతట అదే అంటుకుంటుంది. ఇది కట్టుకథ కాదు, ఇళ్ళు తగలబడ్డ సందర్భాలున్నాయి. గుడ్డని విప్పి ఆరుబయట పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్ళలో ముంచి మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి.

హైదరాబాద్_అమ్మ (జూన్ 15)
నమస్తే. మా పాప 13 ఏళ్ళు, గచ్చిబౌలి రేంజిలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఈ మధ్యనే అప్పు చేసి సొంత రైఫిల్ కొన్నాం, సిలిండర్ గాలితో పనిచేసేది. వానాకాలం కదా, తుప్పు పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పైన చెప్పిన నూనె దీనికీ వేయొచ్చా? సిలిండర్ బిగించే మర కాస్త గట్టిగా ఉంది, అక్కడ గ్రీజు పెడదామనుకుంటున్నాను.

స్టీల్‌సిటీ_మెకానికల్ (జూన్ 15)
అమ్మా, ఆగండి. పెట్టకండి. ఇది చదివిన వెంటనే ఒక్క మాట రాయండి.

మీ సిలిండర్లో గాలి సుమారు 200 బార్ మీద ఉంటుంది, కారు టైరులో ఉండే దానికి దాదాపు 90 రెట్లు. అంత పీడనంలో గాలి ఒక్కసారిగా నొక్కుకున్నప్పుడు వేడెక్కుతుంది, అక్కడ పెట్రోలియం నూనె గానీ గ్రీజు గానీ ఉంటే డీజిల్ ఇంజిన్లో లాగే మండుతుంది. సీళ్ళు పోవడం అటుంచండి, పాప చేతిలో ఉన్నది పేలొచ్చు. అలాంటి చోట రబ్బరు ఓ-రింగులకి శుద్ధమైన సిలికాన్ గ్రీజు మాత్రమే, అదీ మీ రైఫిల్ తయారీదారు పుస్తకంలో చెప్పిన చోటే, చెప్పినంతే. మర గట్టిగా ఉంటే గాలి మిగిలిపోయి సీలు నొక్కుకుని ఉందేమో కోచ్‌ని చూడమనండి, బలవంతంగా తిప్పొద్దు.

హైదరాబాద్_అమ్మ (జూన్ 15)
పెట్టలేదండి, గ్రీజు డబ్బా మూత కూడా తీయలేదు. చేతులు వణికాయి చదివాక. చాలా థాంక్స్. మరి గొట్టం లోపలికి ఏం చేయాలి?

డాలస్_శ్రీను (జూన్ 15)
అక్కా, దానికి చిన్న ఫెల్ట్ పెల్లెట్లు అమ్ముతారు, దూది బిళ్ళల్లా ఉంటాయి. పొడివి వెనక నుంచి రెండు మూడు తోస్తే సరిపోతుంది. అక్కడ మసి ఉండదు, సీసం పొడి మాత్రమే. రాగి కరిగించే అమ్మోనియా మందులు ఎయిర్ రైఫిల్‌కి అవసరమే లేదు. బయట ఇనుప భాగాలకి గుడ్డ మీద ఒక చుక్క నూనె వేసి ఆ గుడ్డతో తుడవండి, రైఫిల్ మీద నేరుగా స్ప్రే కొట్టకండి.

హవల్దార్_సిక్కోలు (జూన్ 15)
సిలిండర్ మీద తయారైన తేదీ చూడమ్మా, పదేళ్ళు దాటినవి పోటీల్లో వాడనివ్వరు. ఇంకొకటి, సీసం గురించి. పాప ప్రాక్టీస్ అవ్వగానే, గన్ను తుడవగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఆ తర్వాతే టిఫిన్ డబ్బా ముట్టుకోవాలి. తుడిచే పని డైనింగ్ టేబుల్ మీద పెట్టుకోవద్దు. ఎదిగే పిల్లలకి సీసం మంచిది కాదు.

డాలస్_శ్రీను (జూన్ 16)
ఉప్పు గురించి హవల్దార్ సర్ అన్నమాట నాకు రెండు రోజులుగా మనసులో తిరుగుతోంది. నా దగ్గర 1943 నాటి మోసిన్ నగాంట్ అనే రష్యన్ రైఫిల్ ఉంది. దానికి పాత సర్‌ప్లస్ (సైన్యం మిగులు) తూటాలు కాల్చి, ఖరీదైన సాల్వెంట్‌తో శుభ్రంగా తుడిచి నూనె వేసి పెట్టాను, వారానికల్లా గొట్టం ఎర్రబడింది. అప్పట్లో ఎందుకో అర్థం కాలేదు.

హవల్దార్_సిక్కోలు (జూన్ 16)
ఆ పాత ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది శ్రీనూ, పేలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, అదీ ఒక ఉప్పే. గాల్లో తేమ లాక్కుంటుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలో కరుగుతుంది. అందుకే పాత .303 రైఫిళ్ళ రోజుల్లో ఛాంబర్లో గరాటు పెట్టి గొట్టం నిండా సలసల కాగే నీళ్ళు పోసేవారు. ఉప్పు కొట్టుకుపోతుంది, గొట్టం వేడెక్కి నీళ్ళు దానంతట అవే ఆరిపోతాయి, ఆ వెచ్చదనంలోనే చిందీతో నూనె. గన్ను మీద నీళ్ళు పోయడమేంటని కొత్త కుర్రాళ్ళు బెదిరిపోయేవారు. బాలిస్టాల్ ఉందా నీ దగ్గర? 1904 నుంచి ఉన్న జర్మన్ నూనె, నీళ్ళతో కలిపితే పాలలా అవుతుంది. ఆ పాలతో కడిగితే నీళ్ళు ఉప్పుని కరిగిస్తాయి. ఆ తర్వాత పొడి చిందీలతో నీళ్ళు పూర్తిగా తుడిచి ఆరబెట్టి, విడిగా నూనె వేసుకో.

గోదారి_గట్టు (జూన్ 19)
అప్‌డేట్ అండి. మూడు పొద్దుల పని పట్టింది. రాగి రేకుతో గీరుతూ, తుడుస్తూ, మళ్ళీ నూనె రాస్తూ చేశాను, నాన్నగారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నారింజ రంగు మొత్తం పోయింది. ట్రిగ్గర్ గార్డు దగ్గర ఆవగింజంత గుంటలు నాలుగు మిగిలాయి, వదిలేశాను. కుడి గొట్టం మీద బ్లూయింగ్ పల్చబడి బూడిద రంగులో కనిపిస్తోంది. మా దగ్గర ఒక షాపులో వేడి మందులో ముంచి ఒక్క రోజులో కొత్తదానిలా నల్లగా చేసిస్తామంటున్నారు. చేయించమంటారా?

స్టీల్‌సిటీ_మెకానికల్ (జూన్ 19)
వద్దు, వద్దు. మీది పాత ఇంగ్లీషు డబుల్, రెండు గొట్టాల మధ్య ఉండే పట్టీలు మెత్తటి సీసం-తగరం టంకంతో అతికించి ఉంటాయి. ఆ వేడి మందు కాస్టిక్ సోడా ద్రావణం, అది టంకాన్ని తినేస్తుంది. నల్లగా మెరుస్తూ తిరిగొస్తుంది, కొన్నాళ్ళకి పట్టీలు ఊడతాయి. పాత డబుల్స్‌కి తుప్పు పట్టించి, మరిగే నీళ్ళలో ఉడికించి నల్లగా మార్చే నెమ్మది పద్ధతి ఒకటుంది, అది తెలిసిన గన్ స్మిత్ దొరికితేనే. దొరికేదాకా ఆ బూడిద రంగు మీద మంచి మైనపు పాలిష్ పల్చగా రుద్ది ఉంచండి, వేలిముద్రలు పడినా తేమ దిగదు.

గోదారి_గట్టు (జూన్ 19)
సరేనండి, షాపుకి ఇవ్వను. లెదర్ కవరు అటక మీద పెట్టేశాను, గన్నుకి అమ్మ పాత నూలు చీరతో సంచి కుట్టింది. నిన్న సాయంత్రం కీలు పిన్నుకి అగ్గిపుల్ల కొనతో గ్రీజు పెట్టి మూశాను, తలుపు గొళ్ళెం పడ్డట్టు మెత్తగా టక్ మంది. నాన్నగారు చేతిలోకి తీసుకుని రెండుసార్లు తెరిచి మూసి, "మా నాన్న మూస్తే ఇలాగే వినపడేదిరా" అన్నారు. హవల్దార్ సర్, ఇప్పుడు మూతి కిందికి పెట్టే ఉంది, గుడ్డ మీద రూపాయి బిళ్ళంత నూనె దిగింది.

హవల్దార్_సిక్కోలు (జూన్ 19)
అయితే ఇంకా ఎక్కువే వేశావు. రేపు పొద్దున్న ఇంకోసారి పొడి చిందీతో తుడువు.